తెలుపులో ఎన్ని తెలుపులో!

"నల్లగున్నోనికి ఏ రంగైతే ఏందన్నా!"

పాశమైలారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగివచ్చిన మా చిన్నమ్మ కొడుకు మాట ఇది. ఆదివారం సంగారెడ్డిలో పిల్లను చూడబోవాలి. చొక్కా గుడ్డ కోసం పటాన్‌చెరు బజారుకు నన్ను వెంటబెట్టుకొచ్చాడు. సినిమా తారల దుస్తుల మీద రాతలు గీకే అన్న ఆ మాత్రం పనికిరావద్దూ!

ఎరుపో, ఆకుపచ్చో ఎంచుకోవటం సులువే. నప్పకపోతే మొహం మీదే చెప్పేస్తారు. చిక్కంతా తెలుపు, మీగడ, బిస్కెట్, బూడిద వంటి సాధు రంగులతోనే. ఇవి అందరికీ నప్పుతాయని మన భ్రమ!

జర్మనీలోని బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన చిత్రకారుడు యోహానెస్ ఇట్టెన్, విద్యార్థులు తమ ఒంటిఛాయకు పొత్తు కుదిరే రంగులే ఇష్టపడటం గమనించాడు. ఆ దారిలోనే అమెరికాలో మనుషులను నాలుగు ఋతువులుగా విడదీశారు. 1980లో కరోల్ జాక్సన్ రాసిన ‘కలర్ మీ బ్యూటిఫుల్’ పుస్తకంతో అది ఇంటింటి కబురైంది. చర్మంలో పసుపు జీర ఉంటే వసంతం, శరత్తు. నీలి జీర ఉంటే వేసవి, చలికాలం. మీగడ, బిస్కెట్, గోధుమ రంగులు మొదటి జట్టువి. బూడిద, నేవీ బ్లూ రెండో జట్టువి. మల్లెపువ్వు తెలుపు చలికాలం వారికి. (పుట్టిన నెలతో సంబంధం లేదండోయ్!)

తిరకాసు ఎక్కడంటే, నల్లవారిని, ఆసియావారిని చాలామటుకు ఆ పుస్తకం చలికాలం గదిలోకే నెట్టేసింది. చామనఛాయలో ఎన్ని ఛాయలో మనకు తెలీదూ?

అందుకే కంటినే నమ్మాను. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది. సేటును బతిమాలి అద్దాన్నీ, తానులనూ గడప దగ్గరకు, పగటి వెలుగులోకి పట్టించాను. మావాణ్ణి మొహాన పౌడరు తుడుచుకోమన్నాను. ఒక్కో గుడ్డా గడ్డం కింద పరిచి చూశాం. చూడాల్సింది గుడ్డను కాదు, మొహాన్ని!

మల్లెపువ్వు తెలుపు పరిస్తే గుడ్డే ముందుకొచ్చింది, మనిషి వెనక్కుపోయాడు. బూడిద రంగుకు కళ్ల కింద నీడలు దిగాయి. మీగడ రంగు పెట్టేసరికి ఆ నీడలు పలచబడి బుగ్గల్లో రాగి మెరుపు! పుస్తకం లెక్కన చలికాలం కావలసినవాడు శరత్తులో తేలాడు.

"అరె, నేనేనా?" అన్నాడు అద్దంలోకి వంగి.

అప్పుడు తట్టింది నాకు. వారానికి ఆరు రోజులు వాడు తొడిగేది ఫ్యాక్టరీ వారి బూడిద రంగు డ్రస్సు! అందులో చూసుకున్న మొహాన్నే తన మొహమనుకుని, తప్పంతా ఒంటిరంగు మీదకు తోశాడు పాపం.

నలుపు-తెలుపు సినిమాల్లో ఇన్ని తేడాలు కనబడేవి కావు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దినప్పుడు, ప్రతి చీరకూ ఏ రంగు నప్పుతుందో ఎవరో కూర్చుని తేల్చవలసి వచ్చింది. మన చొక్కాకు గడప దగ్గర పది నిమిషాలు ఎక్కువా?

పిల్లవాళ్ల దగ్గర్నుంచి కబురింకా రాలేదు. మావాడు మటుకు నిన్న ఒక్కడే వెళ్లి మరో చొక్కాకు మీగడ రంగు గుడ్డ కొనుక్కొచ్చాడు!