వానొస్తే... నెట్టు ఎందుకు పోతుంది?

‘మబ్బు పట్టిందంటే నెట్టు పోయినట్టే!’ డాబా మీది డిష్షుతో ఇంటర్నెట్ వాడుకునే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. చినుకులకు తరంగాలు తడిసిపోతాయేమోనని మనం అనుకుంటాం. కానీ చాలాసార్లు తడిసేది తరంగాలు కాదు... తీగ కొసన సరిగా మూయని ఓ చిన్న జాయింటు. తుప్పు పట్టేది ఓ బోల్టు. ఎండకు పగిలేది ఓ ప్లాస్టిక్ తొడుగు. వేలు పోసి కొన్న రేడియోను మూలన కూర్చోబెట్టేది ఇలాంటి చిల్లర సామానే! ఊళ్లకు గాల్లోంచి ఇంటర్నెట్ అందించే చిన్న ప్రొవైడర్లు ఆరుబయట పెట్టే పరికరాలను ఎలా ఎంచుకోవాలి? వాటిని ఇంటిమీద పెట్టించుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

గాల్లో వంతెన

ఫైబర్ ఇంకా చేరని ఊరికి, తవ్వకం ఖర్చు భారమైన చోటికి ఇంటర్నెట్‌ను చేర్చే దగ్గరి దారి వైర్‌లెస్. పట్నంలో ఎత్తయిన భవనం మీద ఒక రేడియో. ఊళ్లో వాటర్‌ట్యాంకు మీదో టవరు మీదో దానికి ఎదురుగా ఇంకోటి. అక్కణ్నుంచి ఇళ్ల డాబాల మీదున్న చిన్న డిష్షులకు... అంతే! మధ్యలో చెట్టూ గుట్టా అడ్డు లేకపోతే తరంగాలు కిలోమీటర్ల దూరాన్ని ఇట్టే దాటేస్తాయి. 2007లో వెనెజువెలాలో ఎర్మానో పియత్రోసెమోలి బృందం వైఫై పరికరాలతోనే 382 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కొండల్ని కలిపింది. మనదేశంలో ఆరుబయట వాడకానికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలేశారు. ఇంటర్నెట్ సేవలు అమ్మడానికి ప్రభుత్వ అనుమతి కావాలి కానీ, ఈ తరంగాల్ని మాత్రం వేలంలో కొనక్కర్లేదు. చిన్నవాళ్లు ఈ రంగంలోకి రాగలగడానికి ఇదో ముఖ్య కారణం.

కొన్ని కిలోమీటర్ల దూరంలో 5 గిగాహెర్ట్జ్ తరంగాలను వాన పెద్దగా బలహీనపరచదు. అంతకు ఎన్నోరెట్లు పై పౌనఃపున్యాలకే ఆ బెడద ఎక్కువ. కాబట్టి మామూలు వానకే లింకు తెగుతోందంటే వేలెత్తి చూపాల్సింది మబ్బుని కాదు, సామాన్లని!

భీమవరం... థేని... ధర్మశాల

తెలుగునాట ఇది కొత్త ముచ్చటేం కాదు. 2000ల మధ్యకాలంలోనే బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో భీమవరం చుట్టుపక్కల పల్లెలను వైఫైతో కలిపింది. ఆ లింకుల మీద వీడియోలో పాఠాలూ వైద్య సలహాలూ అందాయి. తమిళనాడులోని థేనిలో అరవింద్ కంటి ఆసుపత్రిని పల్లెల్లోని కంటి కేంద్రాలతో కలిపింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం. పల్లెలో కూర్చున్న రోగితో డాక్టరు వీడియోలో మాట్లాడి సలహా చెప్పేవారు. లింకు తెగిందా... ఆ రోగి బస్సెక్కాల్సిందే!

అలాంటి నెట్‌వర్కుల్ని ఏళ్లపాటు నడిపిన అనుభవాన్ని ఆ బృందం 2008లో ఓ పరిశోధన పత్రంగా వెలువరించింది. తరంగాల చిక్కులకన్నా వాళ్లను ఎక్కువగా వేధించింది నాణ్యత లేని కరెంటు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు అడాప్టర్లు కాలిపోయేవి, రౌటర్లలోని మెమరీ కార్డులు చెడిపోయేవి. హిమాచల్‌లోని ధర్మశాలలో ఎయిర్‌జల్దీ సంస్థకైతే మరో తలనొప్పి... కోతులు! యాంటెన్నాలు పట్టుకుని ఊగే కోతుల బరువును కూడా లెక్కేసుకుని అక్కడ బిగింపులు చేసుకోవాల్సి వచ్చింది. ఏ ఊరి శత్రువు ఆ ఊరిదే. అదేదో తెలుసుకున్నాకే సామాను కొనాలి.

ఎండ... కనిపించని రంపం

మన వేసవికి మొదట బలయ్యేది తీగ. ఇళ్ల లోపల వాడే బూడిదరంగు నెట్‌వర్క్ కేబుల్‌ను డాబా మీదకు లాగితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దాని తొడుగు పెళుసెక్కి పగుళ్లిస్తుంది. తొలకరి చినుకు ఆ పగుళ్లలోంచే లోపలికి చేరుతుంది. ఆరుబయటకు నల్ల పాలిథిన్ తొడుగున్న కేబులే సరైంది. ఆ నలుపు అందానికి కాదు. అందులో కలిపే కార్బన్ పొడి ఎండదెబ్బను తట్టుకుంటుంది. కట్టే ప్లాస్టిక్ టైలు కూడా అంతే... నల్లవే మేలు.

తీగలో ఉన్నది అసలు రాగేనా అన్నది రెండో ప్రశ్న. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ చవగ్గా దొరుకుతుంది. డాబా మీది రేడియోకు కరెంటు కూడా ఆ తీగలోంచే వెళ్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గిపోయి రేడియో మాటిమాటికీ ఆగి మొదలవుతుంటుంది. కొనేముందు తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు.

ఇక రేడియో. 55 డిగ్రీల వరకూ పనిచేస్తుందని డబ్బా మీద రాస్తే అది మామూలుగా చుట్టూ ఉండే గాలి వేడి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గాలే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నేరుగా ఎండ పడే డబ్బా లోపల అంతకన్నా ఎక్కువే. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో ఉజ్జాయింపు సూత్రం. అందుకే 70 డిగ్రీల దాకా ఓర్చుకునే రకాన్ని కొనడం, వీలైతే పైన చిన్న నీడ కల్పించడం తెలివైన పని.

ఆ రెండంకెల అర్థం

పెట్టెల మీద ఐపీ 65, ఐపీ 67 అని రాసుంటుంది. మొదటి అంకె దుమ్ముకి సంబంధించింది. 6 అంటే దుమ్ము అసలు దూరదు. రెండోది నీటికి. 5 అంటే నీటిధారను, 6 అంటే ఉద్ధృతమైన ధారను తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా చెడదు. అయితే, 7 ఉంది కాబట్టి ధార పరీక్ష కూడా నెగ్గినట్టే అనుకోకూడదు. మునక పరీక్ష వేరు, ధార పరీక్ష వేరు. పైగా ఈ అంకెలు ఎండ గురించీ తుప్పు గురించీ ఏమీ చెప్పవు.

గట్టిగా మూసేస్తే చాలనుకోవడమూ పొరపాటే. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక ఏ చిన్న సందు దొరికినా తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తేమే చెమటలా పట్టి సర్క్యూట్లను తినేస్తుంది. అందుకే మంచి పెట్టెలకు గాలిని పోనిచ్చి నీటిని ఆపే చిన్న పొర ఉంటుంది. తీగ ఎప్పుడూ కిందినుంచే లోపలికెళ్లాలి. వెళ్లేముందు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. అప్పుడు నీటిబొట్టు ఆ ఒంపులోనే కిందికి జారిపోతుంది. జాయింట్లకు మామూలు ఇన్సులేషన్ టేపు చాలదు. తనకు తానే అతుక్కుని ముద్దయ్యే రబ్బరు టేపు చుట్టి, దానిమీద ఎండను తట్టుకునే టేపు వేయాలి. వాడని రంధ్రాలు మూయకపోతే చీమలూ కందిరీగలూ కాపురం పెట్టేస్తాయి!

ఉప్పుగాలి... పెనుగాలి

బాపట్ల, కాకినాడ, భీమిలి లాంటి తీరప్రాంతాల్లో ఇనుమే అసలు సమస్య. మెరిసే ప్రతి బోల్టూ మంచిది కాదు. విద్యుత్తుతో పూసిన జింకు పొర చాలా పల్చన. కరిగించిన జింకులో ముంచి తీసిన ఇనుము మీద పూత దానికి ఎన్నోరెట్లు మందం. చూడ్డానికి మసకగా ఉన్నా నిలిచేది అదే. స్టెయిన్‌లెస్ స్టీలైతే మామూలు 304 రకం కన్నా మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుగాలికి బాగా ఓర్చుకుంటుంది.

గాలి లెక్క మరీ కఠినం. వేగం రెట్టింపైతే డిష్షు మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం నిర్మాణాలకు లెక్కలోకి తీసుకునే గాలివేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడల్లో 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ దాదాపు ఆ వేగాన్నే చూపించింది. కాబట్టి తీరంలో అవసరానికి మించిన పెద్ద డిష్షు వద్దు. గాలి దూరిపోయే జాలీ రకం మేలు. పైపు పొడవు పెరిగితే మూడువైపులా తీగలతో లాగి కట్టాల్సిందే. డిష్షు ఊడిపడకపోయినా, కాస్త పక్కకు తిరిగినా దూరపు లింకు తెగినట్టే.

పిడుగుకు దారి చూపాలి

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. నేరుగా పడే పిడుగును ఏ చిన్న పరికరమూ ఆపలేదు. కానీ, దగ్గర్లో పడినా తీగలోకి ఒక్కసారిగా వోల్టేజీ ఎగబాకుతుంది. దాన్ని నేలలోకి మళ్లించేదే సర్జ్ ప్రొటెక్టర్. తీగకు రెండు కొసలా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. అది లేకుండా ప్రొటెక్టర్ పెట్టడమంటే కాలువ తవ్వకుండా తూము కట్టడమే! టవరు మీద పిడుగు నిరోధకం యాంటెన్నా కన్నా ఎత్తులో ఉండాలి. కరెంటు విషయానికొస్తే, వోల్టేజీ మరీ పడిపోయినప్పుడు పరికరాన్ని తనంతట తానే ఆపేసే ఏర్పాటు, మంచి బ్యాటరీ... థేని అనుభవం నేర్పిన పాఠాలివి.

చవక సామాను ఖరీదెంత?

చిన్న ప్రొవైడర్ లెక్క వేసుకోవాల్సింది వస్తువు ధర ఒక్కటే కాదు. అది పాడైతే టవరెక్కే మనిషి కూలీ, ప్రయాణం, ఆగిన కనెక్షన్ల తాలూకు తిట్లూ కలిపి లెక్కేయాలి. ఒక బోల్టు దగ్గర ఆదా చేసింది ఒక్కసారి టవరెక్కడంతోనే హారతి కర్పూరమైపోతుంది. పది రకాల రేడియోలు కొనేకన్నా ఒకే రకం తీసుకుని రెండు అదనంగా దగ్గరుంచుకోవడం మేలు. టెలికాం శాఖ ఇచ్చే ఈటీఏ ధ్రువీకరణ ఉన్న పరికరాలే కొనాలి. వానాకాలం ముందు ఒకసారి, తరవాత ఒకసారి బోల్టులూ టేపులూ తనిఖీ చేయాలి.

మీ డాబా మీద పెడుతుంటే...

* పైపు గోడకు గట్టిగా బిగించారా? పిట్టగోడ ఇటుకలకే వేలాడుతోందా?
* కరెంటు తీగలకు దూరంగా ఉందా? పైపు పొరపాటున పడినా వాటికి తగలకూడదు.
* తీగ నల్లదేనా? కిటికీలోకి వచ్చేచోట కిందికి ఒంపు ఉందా?
* ఎర్తింగ్ తీగ కనిపిస్తోందా? అది నిజంగా నేలదాకా వెళ్తోందా?
* ఉరుములు మొదలవకముందే అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీసేయండి. వానలో డిష్షును సరిచేయడానికి పిల్లల్ని డాబా ఎక్కనివ్వకండి.

కొత్త కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు ‘స్పీడెంత?’ అని అందరం అడుగుతాం. ఈసారి ‘ఎర్తింగ్ ఎక్కడ?’ అని కూడా అడగండి. వెంటనే చూపించగలిగినవాడి నెట్టే నాలుగు వానాకాలాలు నిలుస్తుంది!