జోడుగొట్టాల మజిల్ లోడర్ తుపాకి

జోడుగొట్టాల మజిల్ లోడర్ అనగా మందుగుండును గొట్టాల మూతి నుండి కూరి పేల్చే రెండు గొట్టాల తుపాకి. 19వ శతాబ్దపు ద్వితీయార్థంలో వెనుక నుండి తూటా పెట్టే తుపాకులు వ్యాపించడంతో దీని వాడకం తగ్గింది. పాత నమూనాలను అనుసరించి ఇటలీకి చెందిన పెడెర్సోలి వంటి సంస్థలు వీటిని మరల తయారు చేస్తున్నాయి. ఐరోపా, అమెరికాలలో వీటితో గురి పోటీలు, అనుమతి గల వేట జరుగుతాయి.

పనిచేయు విధానం

ప్రతి గొట్టంలోను నల్లమందు, దానిపై బిళ్ళ, ఆపైన సీసపు రవ్వలు, మరల ఒక బిళ్ళ వేసి గజంతో కూరుతారు. మీట నొక్కగా సుత్తి పేలుడు టోపీని కొట్టి మందును అంటిస్తుంది.

ప్రమాదాలు

పొరపాటున ఒకే గొట్టంలో రెండుమార్లు మందు కూరితే గొట్టం పగలవచ్చు. ఒక గొట్టం పేలిన అదురుకు రెండవదానిలోని రవ్వలు ముందుకు జరిగినా అదే ప్రమాదము. అందుచేత తిరిగి కూరే ముందు రెండవ గొట్టపు టోపీని తీసివేయాలి.

చట్టము

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం దీనికి లైసెన్సు తప్పనిసరి. పంట రక్షణకు మజిల్ లోడర్ లైసెన్సు గురించి 13వ సెక్షను పేర్కొంటుంది. అయితే ఆ లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూళ్ళలోని పక్షులను వేటాడడం నేరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు సరస్సు 1999లో అభయారణ్యంగా ప్రకటించబడింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడి గూడబాతులకు ఈ చట్టమే రక్ష.