ప్రొపేన్ మధ్య కార్బన్ ఏం దాచింది? గ్యాస్‌కి కూడా పర్-కోర్ రీడింగ్ వచ్చేసింది

పోయిన నెల ఆఫీసులో మా సర్వీస్ ఒకటి నత్తలా తయారైంది. డ్యాష్‌బోర్డ్‌లో సీపీయూ 28 శాతమే చూపిస్తోంది కదా అని ప్రాసెసర్‌ని వదిలేసి, రెండు రోజులు డేటాబేస్ మీద పడ్డాను. తీరా కోర్‌ల వారీగా చూస్తే నాలుగింట్లో ఒకటి 100 దగ్గర ఇరుక్కుపోయి ఉంది, మిగతా మూడూ దాదాపు ఖాళీ. యావరేజ్ నన్ను నిలువునా ముంచింది.

సహజవాయువుని పరీక్షించేవాళ్లదీ ఇదే బాధ అని ఆ వారమే చదివాను. మన వంటింటి సిలిండర్‌లో బ్యూటేన్‌తో పాటు ఉండే ప్రొపేన్‌నే తీసుకోండి. ఒక్కో మాలిక్యూల్‌లో మూడు కార్బన్లు: చివర్లలో రెండు, మధ్యలో ఒకటి. ప్రకృతిలో ప్రతి 100 కార్బన్లలో సుమారు ఒకటి కాస్త బరువైన కార్బన్-13. గ్యాస్ ఎలా పుట్టింది, తర్వాత దానికి ఏమైంది అనేది ఈ బరువైన కార్బన్ పాళ్లను బట్టి అంచనా వేస్తారు. మామూలుగా అయితే ప్రొపేన్‌ని కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని కొలుస్తారు. కాల్చేశాక ఏ కార్బన్ ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? మూడింటికీ కలిపి ఒకే నంబర్.

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు ముందు ప్రొపేన్‌ని వేడితో విరగ్గొట్టారు. ఊడొచ్చే మీథేన్ చివరి కార్బన్‌ది. ఇథిలీన్‌లో చివరిది ఒకటి, మధ్యది ఒకటి. ముక్కల్ని విడివిడిగా కొలిచి లెక్క కడితే మధ్య కార్బన్ విలువ బయటపడుతుంది. ఈ హ్యాక్ నాకు భలే నచ్చింది.

అమెరికాలో కాల్‌టెక్ వాళ్లది హార్డ్‌వేర్ దారి. అసలు కాల్చకుండా, హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ప్రొపేన్ అయాన్ ముక్కల్నే తూకం వేస్తారు. కార్బన్-13 ఉన్న మిథైల్ ముక్క, మామూలు మీథేన్... రెండిటి బరువూ 16 యూనిట్లే, తేడా సుమారు 0.0045. అంత చిన్న తేడాని విడదీయాలి. కెమెరా జూమ్ గురించి కొట్టుకునే మనం ఒకసారి ఆలోచించాలి.

ఇంత కష్టం దేనికంటే, 2019లో టోక్యో టీమ్‌లోని అలెక్సిస్ గిల్బర్ట్, సహచరులు ఒక విషయం చూపించారు. ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా ప్రొపేన్‌ని తింటే, మిగిలిన గ్యాస్‌లో మధ్య స్థానంలోనే కార్బన్-13 బాగా పెరుగుతుంది. అవి కొరికేది అక్కడే. తేలికైనవి ముందు అయిపోతాయి, బరువైనవి మిగిలిపోతాయి. భూగర్భ వేడి వల్ల జరిగే మార్పులో ఈ గుర్తు ఉండదు. కానీ యావరేజ్ రెండు సందర్భాల్లోనూ పెరగొచ్చు! అంటే "వేడికి బాగా ఉడికిన గ్యాస్" అని రాసుకున్న చోట సూక్ష్మజీవులు భోంచేసి ఉండొచ్చన్నమాట. నిజమైన గ్యాస్ నిక్షేపాల శాంపిల్స్‌లోనూ ఆ గుర్తు దొరికింది.

మైనస్ పాయింట్ కూడా చెప్పాలి. సహజవాయువులో సింహభాగం మీథేన్. దానికున్నది ఒకే కార్బన్, కాబట్టి ఈ టెస్ట్ కుదరదు. ఈథేన్‌లో రెండు కార్బన్లూ ఒకేలాంటివి, అదీ కుదరదు. కొద్దిపాటి ప్రొపేన్ దొరికితేనే పని మొదలవుతుంది.