జీపు ఇంజనులో ప్యాకింగ్ పోతే...

కుక్కరు రబ్బరు పాతబడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. మూత అంచు నుంచి ఆవిరి చుస్సుమని పోతుంది. ఎంతసేపు చూసినా విజిల్ రాదు, పప్పు ఉడకదు. జీపు ఇంజనులో కూడా అలాంటి పని చేసే వస్తువు ఒకటుంది. దాని పేరు హెడ్ గ్యాస్కెట్. మన మెకానిక్కులు 'హెడ్ ప్యాకింగ్' అంటారు. కుక్కరు రబ్బరు పోతే పప్పు ఆలస్యమవుతుంది, అంతే. ఇది పోయినా పట్టించుకోకపోతే మాత్రం ఇంజనే చెడిపోతుంది.

ఇంజను కింది భాగాన్ని బ్లాకు అంటారు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే సిలిండర్లు అందులో ఉంటాయి. వాటి మీద మూతలా కూర్చునేది హెడ్. ఈ రెంటి మధ్య ఉండే పలుచని రేకే ప్యాకింగ్. చూడటానికి చిల్లులు పొడిచిన అట్టలా ఉంటుంది. కానీ అది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. సిలిండరులో మండే వాయువును బయటికి పోనివ్వదు. చల్లబరిచే నీటిని దాని దారిలోనే పోనిస్తుంది. ఆయిల్‌ను ఆయిల్ దారిలోనే ఉంచుతుంది. ఇంజను గట్టిగా లాగేటప్పుడు సిలిండరులోని పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి నలభై, యాభై రెట్ల దాకా వెళ్తుంది. అంత ఒత్తిడిని ఆపుతున్నది ఆ పలుచని రేకే.

మీలో చాలామంది అమ్మో నాన్నో పనిచేసే యూనిట్‌లో మారుతి జిప్సీ ఎక్కే ఉంటారు. 1985లో మన దేశంలో మొదలైన ఈ బండి దశాబ్దాల పాటు సైన్యానికి కొండల్లో, ఎడారుల్లో సేవ చేసింది. ఇలాంటి బండ్లకు ఈ జబ్బు రావడానికి కారణం అవి నడిచే దారులే. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరులో, నిదానంగా, ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతూ పోవాలి. వేడి ఎక్కువ పుడుతుంది, రేడియేటరుకు తగిలే గాలి తక్కువ. దానికి తోడు రేడియేటరు రెక్కల మధ్య బురద పట్టి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఎత్తు కూడా ఒక చిక్కే. సముద్ర మట్టం దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీళ్లు, సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటరు మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు అంత త్వరగా మరగవు. ఎక్కడైనా లీకై ఆ ఒత్తిడి పోయిందా, నీళ్లు వెంటనే మరిగిపోతాయి. జిప్సీ హెడ్ అల్యూమినియంతో చేసింది. మితిమీరి వేడెక్కితే అల్యూమినియం వంగుతుంది. అది వెంట్రుకవాసి వంగినా చాలు, ప్యాకింగ్‌పై పట్టు సడలి సందు పడుతుంది.

ప్యాకింగ్ పోయిందని ఎలా తెలుస్తుంది? బయట ఎక్కడా కారకుండానే రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటాయి. ఇంజను నడుస్తుంటే ఆ నీళ్లలో బుడగలు వస్తుంటాయి. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడుతుంది. అయితే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. చలి ప్రాంతాల్లో పొద్దున్నే ఏ బండికైనా కాసేపు తెల్లటి ఆవిరి వస్తుంది. చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి ఆయిల్ మూత లోపల తేమ చేరి తెల్లటి నురగ పడుతుంది. అందుకే మంచి మెకానిక్ ఒక్కో సిలిండరులో ఎంత ఒత్తిడి నిలుస్తోందో గేజి పెట్టి కొలుస్తాడు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో ఒత్తిడి తగ్గితే వాటి మధ్య ప్యాకింగ్ కాలిందని గట్టి అనుమానం.

దారిలో ఉండగా వేడి చూపే ముల్లు పైకి పోతే వెంటనే బండి పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. 'ఇంకో రెండు కిలోమీటర్లేగా' అనుకుంటే ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగిపోవచ్చు. వేడి మీద రేడియేటరు మూత ఎవ్వరూ తీయకూడదు. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్మి ఒళ్లు కాల్చేస్తాయి. చల్లారేదాకా ఆగాల్సిందే. పిల్లలు దూరంగా ఉండాలి.

ఇక మరమ్మతు. ఇంజను పూర్తిగా చల్లారాక నీళ్లు దింపి, బ్యాటరీ తీగ ఊడదీస్తారు. టైమింగ్ బెల్టు గుర్తులు సరిచూసుకుని బెల్టు తీస్తారు. హెడ్ బోల్టులను అంచుల నుంచి మధ్యకు, రెండు మూడు విడతలుగా వదులు చేస్తారు. ఒకే బోల్టు ఒక్కసారిగా విప్పేస్తే హెడ్ వంగే ప్రమాదముంది. హెడ్ ఎత్తాక పాత ప్యాకింగ్‌ను పారేయకుండా ముందు దాన్ని చదవాలి. నల్లగా కాలిన చోటే లీకు దారి.

తర్వాత రెండు ముఖాలనూ గీతలు పడకుండా శుభ్రం చేయాలి. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగిలితే బోల్టు బిగించేటప్పుడు బ్లాకు పగిలే ప్రమాదం ఉంది. అప్పుడు తిన్నని ఉక్కు బద్దను హెడ్ మీద పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద ఫీలర్ గేజి రేకులు దూరుతాయేమో చూస్తారు. చాలా ఇంజన్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకానే మన్నింపు. అది మన తలవెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. అంతకు మించితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి.

కొత్త ప్యాకింగ్‌ను పై వైపు గుర్తు పైకి ఉండేలా పెట్టి, బోల్టులను ఈసారి మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా, టార్క్ రెంచితో పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. ఆయిల్, ఫిల్టరు మార్చి, కొత్త కూలెంట్ పోసి, లోపలి గాలి బయటికి పంపాలి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. అసలు ఇంజను ఎందుకు వేడెక్కింది? రేడియేటరు పూడుకుపోయిందా? థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదా? ఫ్యాను, నీళ్ల పంపు పనిచేస్తున్నాయా? దీనికి జవాబు వెతక్కుండా ప్యాకింగ్ ఒక్కటే మారిస్తే, కొత్తదీ పాతదాని దారే పడుతుంది. వచ్చిన కొండ మీదే మళ్లీ ఆగాల్సి వస్తుంది.

మనలాంటి బదిలీ కుటుంబాల్లో ఒక ఊరు వదిలేటప్పుడు బండి అమ్మడం, కొత్త ఊళ్లో పాత బండి కొనడం మామూలే. కొనేటప్పుడు ఇంజను చల్లగా ఉండగానే వెళ్లి చూడమని పెద్దవాళ్లకు చెప్పండి. డిప్‌స్టిక్, రేడియేటరు నీళ్లు, సైలెన్సరు పొగ, మూడూ చూడమనండి. అమ్మేటప్పుడు ప్యాకింగ్ మార్పించి ఉంటే ఆ మాట, దానికి కారణం, బిల్లుతో సహా కొత్తవాళ్లకు అప్పగించమనండి. మనం వదిలి వెళ్లిన ఊళ్లో ఆ బండి వేరే పిల్లల్ని ఎక్కించుకుని అదే ఘాట్ రోడ్డు ఎక్కాలి కదా!