మళ్లీ కడుపు పండే వేళ

కడప జిల్లాలో జమ్మలమడుగుకు చేరువలో పెద్దముడియం అనే వూరు వుంది. శాసనాలలోని ముడివేము అగ్రహారం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మన రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి శాసనం ఆ అగ్రహారాన్ని గురించి ఒక ముచ్చట చెబుతుంది. విజయాదిత్యుడనే రాజు దక్షిణాదికి దండెత్తి వచ్చి, త్రిలోచన పల్లవునితో పోరాడి కూలిపోయాడట. అప్పటికి గర్భవతిగా వున్న ఆయన రాణి, పురోహితుని వెంటబెట్టుకుని ముడివేము చేరుకున్నది. విష్ణుభట్ట సోమయాజి అనే ఆయన ఆమెను కన్నకూతురిలా కాపాడాడు. అక్కడ పుట్టిన విష్ణువర్ధనుని వల్లనే చాళుక్య వంశం నిలిచిందని శాసనం మాట. ఇది చరిత్రో, కట్టుకథో పండితులు తేల్చుకుంటారు గాక. గర్భిణిని కంటికి రెప్పలా చూసుకోవాలనే మర్యాద మాత్రం మనవాళ్లకు నిన్న మొన్నటిది కాదు.

కాని ఆ గర్భం నిలవకపోతే? అక్కడే మన మర్యాద తడబడుతుంది. ‘బిందె ఎందుకెత్తినావు? ప్రొద్దుటూరు బస్సెందుకెక్కినావు?’ అని మొదటి వారం ప్రశ్నలు. మూడో నెలకల్లా, ‘మళ్లీ ఏమన్నా విశేషమా?’ అని మరో రకం ప్రశ్న. గర్భమని తెలిసిన తర్వాత నూటికి పది నుంచి ఇరవై వరకు నిలవకుండానే పోతాయి. తొలి మాసాలలో పోయేవాటిలో సుమారు సగం, పిండంలోని క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోయేవే. బిందెకూ బస్సుకూ ఇందులో పాత్ర లేదు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే ఆ పిల్ల గుండె బరువు సగం తగ్గుతుంది.

లెక్క ఎటునుంచి?

మనుస్మృతి ముట్టు మొదలైన నాటినుంచి పదహారు రాత్రులు ఋతుకాలమన్నది. అంటే లెక్క ముందుకు సాగుతుంది. 1924లో జపాను వైద్యుడు ఒగినో, ఆ తర్వాత కొద్ది కాలానికే ఆస్ట్రియా వైద్యుడు క్నాస్, లెక్కను వెనక్కు తిప్పారు. రాబోయే ముట్టుకు సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుందని తేల్చారు. విడుదలైన అండం బ్రతికేది ఒక రోజుకు మించదు. పురుషుని బీజకణాలు మాత్రం అయిదు రోజుల దాకా నిలుస్తాయి. కనుక గర్భం నిలవగల రోజులు నెలకు ఆరు. అండం వెలువడే రోజూ, దానికి ముందు అయిదు రోజులూ.

గర్భం పోయిన స్త్రీకి చిక్కు ఇక్కడే. రాబోయే ముట్టు ఎప్పుడో తెలియదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలలో వస్తుంది. అండం అంతకు ముందే, ఒక్కొక్కరికి రెండు వారాలకే విడుదల కావచ్చు. క్యాలెండరు ఆమెకు పనికిరాదు. అందుకే మందుల షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్ మీదికి మనసు పోతుంది.

గీత చెప్పేది, చెప్పనిది

అండం విడుదలకు ముందు ఎల్.హెచ్. అనే హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. పెరుగుదల మొదలైన 24 నుంచి 36 గంటలలో అండం వెలువడుతుంది. ఆ పెరుగుదలను మూత్రంలో పట్టి చూపేదే ఈ స్ట్రిప్. గర్భపరీక్షలో లేత గీత పడినా అవునన్నట్టే. ఇక్కడ అలా కాదు. పరీక్ష గీత, పక్కనున్న గీతతో సమానంగానో, అంతకంటె ముదురుగానో వుంటేనే అవునని అర్థం. లేత గీతను చూసి మురిసిపోయేవారూ, దిగులు పడేవారూ ఇద్దరూ పొరబడినట్టే.

ఇంతకంటె పెద్ద మోసం మరొకటుంది. గర్భిణి శరీరంలో వుండే హెచ్.సి.జి. అనే హార్మోనుకూ, ఎల్.హెచ్.కూ రూపంలో దగ్గరి చుట్టరికం. గర్భం పోయినా హెచ్.సి.జి. వెంటనే పోదు. కొందరికి వారం రోజులు, కొందరికి నాలుగైదు వారాలు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. అది వున్నన్నాళ్లూ స్ట్రిప్ దాన్ని చూసి ఎల్.హెచ్. అని భ్రమపడి ముదురు గీత చూపవచ్చు. పోయిన గర్భం తాలూకు జాడను, రాబోయే గర్భానికి శకునంగా చదువుకోవడమంత విషాదం ఇంకొకటి వుంటుందా?

కాబట్టి ముందు గర్భపరీక్ష చేసుకుని, లేదని తేలిన తర్వాతనే ఈ స్ట్రిప్ ముట్టాలి. ఆశా కార్యకర్త దగ్గర వుండే నిశ్చయ్ కిట్ అయినా ఇందుకు చాలు. మూడు వారాలు దాటినా గర్భపరీక్ష అవుననే చెబుతూంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఒక ముట్టు వచ్చి వెళ్లాక మొదలుపెట్టడం ఇంకా తేలిక. 28 రోజుల లెక్క వున్నవారు పదకొండో రోజు నుంచి, రోజూ ఒకే వేళకు, పొద్దెక్కాక పరీక్షించాలి. దానికి ముందు రెండు గంటలు నీళ్లు విపరీతంగా తాగకూడదు. గీత ముదిరిన రోజూ, ఆ తర్వాత రెండు రోజులూ భార్యాభర్తలకు అనుకూలం. పి.సి.ఓ.ఎస్. వున్నవారికి ఎల్.హెచ్. ఎప్పుడూ ఎక్కువగా వుండవచ్చు గనుక స్ట్రిప్‌ను నమ్ముకోరాదు. ఎవరికైనా సరే, గీత చెప్పేది హార్మోను పెరిగిందని మాత్రమే. అండం వెలువడిందని కాదు.

ఎన్నాళ్లు ఆగాలి?

ఆరు నెలలు ఆగమని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. స్కాట్లండులో ముప్ఫై వేలకు పైగా స్త్రీల రికార్డులు పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, ఆరు నెలలలోపే మళ్లీ గర్భం దాల్చినవారికి కీడేమీ కనబడలేదు. పైగా వారికే కొంత మేలుగా వున్నది. రక్తస్రావం ఆగి, వొంట్లో నెమ్మదించి, మనసు కుదుటపడితే ఆగవలసిన పని చాలామందికి లేదు. ముత్యాల గర్భమో, గర్భాశయం వెలుపల గర్భమో అయినవారు మాత్రం డాక్టరు చెప్పిన గడువు దాటకుండా తొందరపడరాదు. జ్వరం, దుర్వాసన, ఆగని రక్తస్రావం వుంటే జమ్మలమడుగో ప్రొద్దుటూరో ఆ పూటే వెళ్లాలి. రెండు మూడు సార్లు వరుసగా గర్భం పోతే స్ట్రిప్పులు కొనడం మాని, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.

ఎదురుచూసే రోజులలో చేయదగిన మంచిపని ఒకటుంది. ఫోలిక్ ఆసిడ్ మాత్రను గర్భానికి ఒక నెల ముందునుంచే వేసుకోవడం. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ఇది గర్భం పోకుండా ఆపే మందు కాదు. బిడ్డ వెన్నులో, మెదడులో వచ్చే లోపాలను అరికట్టేది. 1945 ప్రాంతాల అమెరికాలో దీన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

చివరకు ఒక్క మాట అత్తగార్లకూ, అమ్మలకూ, ముఖ్యంగా భర్తలకూ. స్ట్రిప్ ఆమె చేతిలో వుండవలసిన సాధనం. ఇంట్లో అందరూ వంగి చూసే పరీక్షా ఫలితం కాకూడదు. రోజూ గీత చూసి గుండె దడ పట్టుకుంటూంటే ఆ పెట్టెను ఒక నెల బీరువాలో పెట్టినా నష్టం లేదు. రెండు మూడు రోజులకొకసారి కలిసి వున్నా ఆ ఆరు రోజులు తప్పిపోవు. ‘విశేషమా?’ అని అడిగే బదులు, ‘అన్నం తిన్నావా అమ్మా?’ అని అడగండి. విశేషం వున్ననాడు ఆమే వచ్చి చెబుతుంది.