టుపుల్ విప్పునపుడు చీటిపేర్ల గతి

యానాము పట్టణము ఉత్తర అక్షాంశము 16.73, తూర్పు రేఖాంశము 82.21 డిగ్రీల చెంత నున్నది. ఈ రెండంకెలను జంటగా కట్టి కంప్యూటరున కిచ్చినపుడు, వానిని పుచ్చుకొను ప్రోగ్రాము తారుమారుగా విప్పెనేని, యానాము గౌతమీ తీరమును విడిచి స్వాల్‌బార్డు దీవుల కుత్తరమున ఆర్కిటిక్ సముద్రములో తేలును. 82 కూడ చెల్లుబాటగు అక్షాంశమే గనుక యంత్రము దోషమని పలుకదు. ఈ పొరపాటునకు హేతువు లేకపోలేదు. లోకవ్యవహారమున అక్షాంశమును ముందు చెప్పుదురు. 2016లో ప్రమాణపత్రముగా వెలువడిన జియోజేసన్ పద్ధతిలో రేఖాంశమే ముందు.

కొన్ని విలువలను నియతమైన వరుసలో మూటగట్టినచో దానిని టుపుల్ అందురు. ఆ మూటను విప్పి ఒక్కొక్క విలువను ఒక్కొక్క పేరునకు అప్పగించుట అన్‌ప్యాకింగు. లోపలి విలువలకు ముందే లేబుళ్లు, అనగా చీటీలు, కట్టియుండినయెడల, విప్పునపుడు భాష వానిని మన్నించునా, లేక వరుసనే చూచునా యనునదియే ప్రశ్న.

ఈ రెండు త్రోవలును తెలుగు చదువుకొన్నవారికి క్రొత్తవి కావు. “రాముడు రావణుని చంపెను” అన్నను, “రావణుని రాముడు చంపెను” అన్నను చచ్చినవాడు రావణుడే. విభక్తి ప్రతి పదమునకును చీటివలె అంటియుండుటచే వరుస మారినను అర్థము మారదు. క్రమాలంకారము దీనికి భిన్నము. అందు కొన్ని వస్తువులను చెప్పి, పిదప అన్నియే ధర్మములను చెప్పినచో, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది అన్వయించుకొనవలెను. సమసంఖ్య గల జాబితాలు వరుసచొప్పున జతపడునని పాణినియు సూత్రించెను. సంఖ్య సరిపోవలెనను ఆ నియమము పైథాను భాషయందును కలదు: మూటలో మూడు విలువలుండగా రెండు పేర్లే వ్రాసినచో అది విప్పక దోషము తెలుపును.

పైథానులో చీటీలుగల టుపుల్ 2008లో, 2.6 కూర్పుతో వచ్చినది. అయినను విప్పునపుడు ఆ చీటీలను అది కన్నెత్తియైనను చూడదు. అక్షాంశము ముందు, రేఖాంశము వెనుక గల స్థలమును “రేఖాంశము, అక్షాంశము = స్థలము” అని విప్పినచో (పైథాను 3లో ఇట్టి తెలుగు పేర్లు చెల్లును) రెండు విలువలును సద్దుచేయక తారుమారగును. “స్థలము.అక్షాంశము” అని చీటితో పిలిచినచో ఆ ప్రమాదము లేదు. 2021లో, 3.10 కూర్పున చేరిన ‘మ్యాచ్’ వాక్యమందు మాత్రము చీటిని బట్టి విప్పుకొను వీలు కలిగినది.

2017 నాటి సీ షార్ప్ 7లోను విప్పుట వరుసచొప్పుననే. చీటీలు కంపైలరు కంటికే గాని ప్రోగ్రాము నడచువేళకు విలువలతో మిగులవు. 2020లో టైప్‌స్క్రిప్టు 4.0 తెచ్చిన చీటీలు కేవలము చదువరి సౌకర్యమునకే. 2014లో వెలువడిన స్విఫ్టు చీటీలను విప్పుచోట వ్రాయనిచ్చును గాని అచట నొక గోతి కలదు. ఎడమవైపు కుండలీకరణములలో “వయసు: ఇంట్, పేరు: స్ట్రింగ్” అని వ్రాసినవాడు రకములను తెలిపితినని తలచును, భాష మాత్రము ‘వయసు’, ‘పేరు’ అనువానిని చీటీలుగా గ్రహించి, ‘ఇంట్’, ‘స్ట్రింగ్’ అనువానినే క్రొత్త పేర్లుగా నిలుపును! ఒకే కోలనుకు రెండు పనులొప్పగించుట భాషాకర్తల లోపమే గాని వ్రాసినవాని లోపము కాదు.

1990లో నిర్వచనగ్రంథము వెలువడిన స్టాండర్డు ఎమ్మెల్ భాష ఈ చిక్కును మూలముననే విప్పినది. అందు టుపుల్ వేఱు, చీటీల మూట వేఱు కావు. 1, 2, 3 అను అంకెలే చీటీలుగా గల రికార్డే టుపుల్. చీటీలున్నచోట ఏ వరుసలో విప్పినను ఫలమొక్కటే. దాని బంధువగు ఓక్యామెల్ 2025లో, 5.4 కూర్పున, చీటీల టుపుల్‌ను చేర్చుకొన్నది. అందు వరుస రకములో భాగమే. అయినను మూట రకము ముందుగా తెలిసియుండినచో, విప్పువాడు చీటీలు చెప్పి తన కిష్టమైన వరుసలో పుచ్చుకొనవచ్చును, అక్కఱలేనివానిని విడువవచ్చును.