దమ్ము ముదిరిన వేళ: గొంతులో గొట్టం లేకుండా శ్వాసకు ఆసరా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో చాలాకాలం వైద్యునిగా పనిచేసినవాడిని. దర్శనానికి వచ్చే పెద్దలలో ఎందరో మెట్ల వద్ద ఆగి, రొప్పుతూ, మరల కదలడం చూస్తుంటాను. మనవైపు దీనిని ‘దమ్ము’ అంటారు. అది ఒక రాత్రి ముదిరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకొనే చికిత్స ఒకటి ఉన్నది. దానిని గురించి రోగి ఇంటివారు, దాతలు తెలుసుకోదగిన సంగతులను ఇక్కడ వివరిస్తాను.

ఆ రాత్రి

కొన్నేళ్ల క్రిందట చలికాలంలో, అరవై ఏళ్లు దాటిన ఒక తల్లిని కుమారులు ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆమె చుట్ట, బీడీ ఎరుగదు. కాని జీవితమంతా కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టిన మనిషి. ఆ పొగ ఏళ్లతరబడి ఊపిరితిత్తులను చెరిపి, సీఓపీడీ అనే వ్యాధిని తెచ్చింది. నాలుగు రోజుల జలుబు, కఫంతో అది ఒక్కసారిగా ఉద్ధృతమైంది. ఆమె ముందుకు వంగి, చేతులు మంచానికి ఆనించి, మెడ కండరాలు బిగించి ఊపిరి తీస్తున్నది. రెండు మాటలు కలిపి పలకలేకున్నది. నడుమ నడుమ కళ్లు మూతలు పడుతున్నాయి.

“సార్, ఇప్పుడిప్పుడే నిద్ర పడుతున్నది. కొంచెం నయమైనట్టుంది” అన్నాడు పెద్ద కుమారుడు. నిజానికి అదే అన్నిటికంటె పెద్ద ప్రమాద సూచన.

శరీరంలో జరిగేది

శ్వాసకు రెండు పనులు: ఆక్సిజన్‌ను లోనికి తేవడం, కార్బన్ డయాక్సైడును వెలుపలికి పంపడం. ఇరుకైన శ్వాసనాళాలతో గంటలకొద్దీ పెనగులాడిన కండరాలు అలసిపోతే రెండవ పని కుంటుపడుతుంది. కార్బన్ డయాక్సైడు రక్తంలో పేరుకొని, రక్తాన్ని ఆమ్లంగా మార్చి, రోగిని మత్తులోకి నెడుతుంది. ఇట్టివారికి ఆక్సిజన్ ఒక్కటే చాలదు. మోతాదు మించితే కార్బన్ డయాక్సైడు మరింత పెరగవచ్చు. అందుకే సీఓపీడీ రోగులలో సాధారణంగా ఆక్సిజన్ శాతాన్ని 88 నుండి 92 నడుమ ఉండేటట్లు చూస్తాము.

అలసిన కండరాలకు కావలసింది తోడు. బైపాప్ యంత్రం ఆ తోడును ఇస్తుంది. ముక్కు, నోటిపై బిగుతుగా అమరిన మాస్కు ద్వారా, రోగి ఊపిరి తీసినప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలిని అందిస్తుంది. విడిచినప్పుడు ఒత్తిడిని తగ్గిస్తుందే గాని పూర్తిగా తీసివేయదు. సీపాప్‌లో ఒత్తిడి ఎల్లప్పుడూ ఒకేవిధంగా ఉంటుంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరినవారికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది.

ఈ చికిత్స విలువను 1995లో లారెంట్ బ్రొషార్ బృందం ఐరోపాలో 85 మంది సీఓపీడీ రోగులపై జరిపిన పరిశోధన చాటింది. మామూలు చికిత్స పొందినవారిలో 74 శాతం మందికి గొంతులో గొట్టం వేయవలసి రాగా, మాస్కు వాడినవారిలో 26 శాతం మందికే ఆ అవసరం కలిగింది. మరణాలు 29 శాతం నుండి 9 శాతానికి తగ్గాయి.

తీర్థం విషయంలో

మాస్కు పెట్టిన తొలి గంట కఠినమైనది. గాలి ముఖాన కొట్టినట్లుండి రోగి దానిని లాగివేయబోతాడు. అప్పుడు ఇంటివారు చేయి పట్టుకొని ధైర్యం చెప్పాలి. ఆ తల్లి చిన్న కుమారుడు, “అమ్మకు గొంతు ఎండుతున్నదంట, రెండు చుక్కల తీర్థం పోస్తం సార్” అని మాస్కు తీయబోయాడు. వారించాను. మత్తులో ఉన్నవారి నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోకి దిగవచ్చు. మాస్కు తొలగితే తేరుకుంటున్న శ్వాస మరల కుంగిపోవచ్చు. అతడు ఆ తీర్థాన్ని తల్లి తలపై చల్లి ఊరుకున్నాడు. తెల్లవారేసరికి ఆమె కళ్లు తెరచి మమ్మల్ని గుర్తించింది. మూడవనాడు లేచి కూర్చొని, తానే చేయి చాచి తీర్థం పుచ్చుకున్నది.

అయితే ఇది అందరికీ తగినది కాదు. శ్వాస ఆగినవారికి, ఆగని వాంతులతో ఉన్నవారికి, ముఖానికి తీవ్ర గాయమైనవారికి సాధారణంగా గొంతులో గొట్టమే శరణ్యం. మాస్కు పెట్టిన ఒకటి రెండు గంటలలో రక్తపరీక్ష చేసి, మేలు కనబడకుంటే ఆ గొట్టం వేయడానికి ఆలస్యం చేయరాదు. వైద్యుడు ఆ మాట చెప్పినప్పుడు ఇంటివారు వెనుకాడరాదు.

దాతలకు ఒక మనవి

నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ప్రతి రోగినీ హైదరాబాదుకో, కర్నూలుకో తరలించిన రోజులతో పోలిస్తే ఇది గొప్ప ఊరట. అయినా ఒక ఆసుపత్రిలో దాతలిచ్చిన బైపాప్ యంత్రం అట్టపెట్టెలోనే ఉండిపోవడం కన్నులారా చూశాను. యంత్రంలో లోపం లేదు. ముఖానికి సరిపడే మాస్కులు లేవు, వాడడం నేర్చిన నర్సు బదిలీపై వెళ్లిపోయింది. కనుక దానం చేయదలచినవారు ముందుగా అక్కడి వైద్యులను అడగండి. వివిధ కొలతల మాస్కులు, గొట్టాలు, ఫిల్టర్లు, కరెంటు పోయినా యంత్రం నడిచే బ్యాటరీ, నర్సులకు శిక్షణ: వీటికిచ్చే ధనం యంత్రం కొన్న ధనంతో సమానంగా ప్రాణం నిలుపుతుంది.

యాత్రికులకు జాగ్రత్తలు

దమ్ము, గుండెజబ్బు ఉన్నవారు చైత్రపౌర్ణమికి సలేశ్వరం వంటి కొండదారి యాత్రలకు బయలుదేరే ముందు వైద్యుని సంప్రదించండి. ఇన్‌హేలరును మూటలో అడుగున కాక, చేతికందే చోట ఉంచండి. ఇంటివద్ద ఆక్సిజన్ పెట్టుకొన్నవారి మంచం దగ్గర దీపం, అగరువత్తి వెలిగించకండి. ఆయాసంతో నిద్ర పట్టనివారికి మీ అంతట మీరు నిద్రమాత్ర ఇవ్వకండి.

వాక్యం పూర్తిచేయలేని ఆయాసం, పెదవులు నీలిరంగుకు మారడం, పిలిచినా సరిగా పలకని మగత: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రోగిని పడుకోబెట్టక కూర్చోబెట్టి, వెంటనే 108కు ఫోను చేయండి. తెల్లవారనీ, చూద్దామని ఆగకండి. వేళకు చేరినవారికే ఆ మాస్కు ఎక్కువగా ఉపకరిస్తుంది.